హోసూరు దాకా మోసుకెళ్ళిన డకోటా

మావైపు నుంచి బెంగుళూరు పోయేవాళ్ళు ఎందరో ఉన్నారు గాని, దానికి ఇవతల ఉన్న హోసూరును చూడడానికని బయల్దేరినవాళ్ళు నాకు తెలిసి ఎవరూ లేరు. కొండ కోసమో కోట కోసమో అయితే నేనూ వెళ్ళేవాణ్ణి కాదు. ఒక మనిషిని చూడడానికి వెళ్ళాను. ఇంకా నిజం చెప్పాలంటే, ఆ మనిషి పనితనం నా పనితనం కంటే తక్కువేనని కళ్ళారా చూసి, నిశ్చింతగా తిరిగి రావడానికి వెళ్ళాను.

బెజవాడలో నేను డ్రాయింగ్ ఆఫీసులో ట్రేసర్ని. పగలు కాలువల పటాలు గీస్తాను, సాయంత్రాలు యుద్ధ విమానాలు చెక్కుతాను. అవి పిల్లలు ఆడుకునే బొమ్మలు కావు. అసలు విమానంలో ఆరడుగులు నా విమానంలో అంగుళం. కిటికీ అయినా చక్రమైనా ఆ కొలత తప్పకూడదు. కొండపల్లి బొమ్మలు చేసే పొణికి చెక్కే నా సరుకు. చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపితే బొమ్మలవాళ్ళు మక్కు అంటారు, దానితో అతుకులు పూడుస్తాను. చెక్కడం నాది, రంగు ఖాదరుది.

ఖాదరు బోర్డులు రాసేవాడు. లారీల వెనక, సోడా షాపుల మీద, సినిమా హాళ్ళ గోడల మీద మా పేటలో కనిపించే మంచి అక్షరాలన్నీ వాడివే. పెద్ద యుద్ధం రోజుల్లో, మాకింకా మీసాలు రానప్పుడు, ఇద్దరం ఒకే సైకిలు మీద గన్నవరం పోయి కంచె పట్టుకుని మిలిటరీ విమానాలు దిగడం చూసేవాళ్ళం. ఈ పిచ్చి అక్కడే పట్టుకుంది, ఇద్దరికీ ఒకేసారి. నాకు భార్యాపిల్లలున్నారు, వాడికీ ఉన్నారు. అయినా రోజు మొత్తంలో నేను ఎదురుచూసేది వాడు చేతులకు కిరసనాయిలు రాసుకుని రంగు కడుక్కుని మా అరుగెక్కే వేళ కోసమే.

కృష్ణగిరి నుంచి చింతపండు తెచ్చిన ఒక లారీ డ్రైవరు, వెనక పలక మీద పేరు రాయించుకుంటూ, ఖాదరుకు ఒక కబురు చెప్పాడు. హోసూరులో మునెప్ప అనే మాజీ సిపాయి ఇంటినిండా విమానాలూ ట్యాంకులూ చేసి అద్దాల బీరువాలో పెట్టుకున్నాడట. ఖాదరు ఆ సంగతి నాకు చెబుతుంటే వాడి మొహం వెలిగిపోయింది. నేను కొత్త విమానం మొదలుపెట్టానని చెప్పినప్పుడు కూడా వాడి మొహం అలా వెలిగి చాలాకాలమైంది. మనం కొత్తగా పూర్తిచేసిన డకోటా విమానం తీసుకెళ్ళి ఆయనకు చూపిద్దామన్నాడు. తప్పకుండా చూపిద్దామన్నాను.

కృష్ణగిరి

పాకిస్తానుతో యుద్ధం ముగిసిన తర్వాత వచ్చిన చలికాలం అది. జోలార్‌పేటలో రైలు దిగి బస్సెక్కితే, కృష్ణగిరి చేరేసరికి పొద్దు బాగా పైకొచ్చింది. మా కృష్ణా తీరం నుంచి వెళ్ళినవాడికి ఆ నేల వింతగా ఉంటుంది. ఎటు చూసినా ఎవరో గుట్టలు పోసి మరచిపోయినట్టు నున్నటి రాతికొండలు. ఊరి నెత్తిన అంత ఎత్తు బండ, దాని మీద పాత కోట గోడలు. మట్టి ఎర్రన, చింతచెట్లు నల్లన. బోర్డులన్నీ అరవంలో ఉంటాయి, బోర్డు కింద కూర్చున్న మనిషి తెలుగులో పలకరిస్తాడు. ఆ తెలుగు కూడా మన తెలుగు కాదు. "యాడినుంచి వచ్చినారప్పా?" అని అడిగితే ఒక నిమిషం ఆలోచించి గాని జవాబు చెప్పలేకపోయాను. ఖాదరు మాత్రం అరగంటలో 'ఈడ, ఆడ' అనడం మొదలుపెట్టాడు. వాడికి ఏ ఊరి గాలైనా ఇట్టే పడుతుంది.

ఇడ్లీ మనకంటే చిన్నది, మెత్తనిది. కాఫీ పదిహేను పైసలు, ఇత్తడి గ్లాసులో నురుగుతో ఇచ్చారు. మావైపు హోటళ్ళలో కాఫీ అని ఇచ్చే నీళ్ళను తల్చుకుని సిగ్గుపడ్డాను.

బస్టాండులో మా పెట్టె చుట్టూ చిన్న గొడవ. డకోటాను గడ్డీ దూదీ మధ్య పడుకోబెట్టిన చెక్కపెట్టె అది. అది హార్మోనియం అనుకుని, కూరగాయల గంపలతో కూర్చున్న ఆడవాళ్ళు ఒక పాట పాడమని ఖాదరును అడిగారు. వాడు పాడకుండా మూత తీసి చూపించాడు. జనం మూగారు. యుద్ధం వేడి ఇంకా చల్లారలేదు కాబట్టి, రెక్కల మీది మన దేశపు రంగుల చక్రాలు చూసి ఒక ముసలాయన చెయ్యెత్తి దణ్ణం పెట్టాడు. గంపల దగ్గర ఉన్న పెద్దావిడ మెడ సాచి చూసి, "ఎంత బాగా రంగు పెట్టినారప్పా" అంది.

రంగు. ఆ ఒంపులన్నీ, ఆ ముక్కూ, ఆ తోకా ఆరు నెలలు చెక్కినవాణ్ణి పక్కనే నిలబడి ఉన్నాను. ఖాదరు నా భుజం మీద చెయ్యేసి, చెక్కింది ఈయన అని చెప్పాడు. ఆవిడ నావైపు మర్యాదగా తలూపి మళ్ళీ రంగునే చూసింది.

సూళగిరి మీదుగా

హోసూరు బస్సులో పెట్టెను ఒళ్ళో పెట్టుకుంటానన్నాను. కండక్టరు ఒప్పుకోలేదు, మనుషులకే చోటు లేదని టాపు మీదికి ఎక్కించాడు. దారి పొడుగునా ఎక్కుడే. బస్సు మూలుగుతూ ఎక్కుతుంటే కిటికీలోంచి వచ్చే గాలి చల్లబడుతూ వచ్చింది. సూళగిరిలో ఆగినప్పుడు పైన ఏదో ధబధబమని పడిన చప్పుడు వినబడింది. దిగి చూద్దామంటే ఒక మేక నా కాళ్ళకు అడ్డంగా పడుకుని ఉంది. దాని యజమాని నిద్రపోతున్నాడు. ఖాదరు ఏమీ కాదులే అన్నాడు. నేనూ నమ్మాను.

హోసూరులో దింపినప్పుడు పెట్టె మీద రెండు చింతపండు బస్తాలు ఉన్నాయి.

హోసూరు, అద్దాల బీరువా

జనవరి మధ్యాహ్నం కూడా అక్కడ నీడలో నిలబడితే వణుకు పుడుతుంది. మా ఊళ్ళో ఆ నెలలో ఉత్తరీయం చాలు. అక్కడ ప్రతి మగవాడూ గొర్రె ఉన్ని కంబళి కప్పుకుని, తల మాత్రం బయటపెట్టి నడుస్తున్నాడు. గుర్రాలు పెంచడం కోసమని తెల్లదొరలు ఒకప్పుడు ఈ ఊరికి వచ్చి, చలి నచ్చి ఉండిపోయారట.

మునెప్పది సైకిలు షాపు. వెనకే ఇల్లు. నలభై అయిదేళ్ళు ఉంటాయి, మీసం పైకి తిప్పి ఉంటుంది, ఒక్క క్షణం ఊరకే ఉండడు. కెలవరపల్లి దగ్గర గొర్రెలు కాచే ఇంట్లో పుట్టి, పెద్ద యుద్ధంలో మిలిటరీ డ్రైవరుగా ఈజిప్టు ఎడారుల దాకా పోయి వచ్చాడు. ఈ సంగతులన్నీ మేము చెప్పులు విడిచేలోపే చెప్పేశాడు. తన దగ్గర ఉన్నవి మదరాసులో లేవు, బెంగుళూరులో లేవు, యాడన్నా అడిగి చూడండి అన్నాడు.

లోపలి గదిలో గోడంత బీరువా. అందులో కింది వరస ట్యాంకులు, మిలిటరీ లారీలు. అన్నీ డబ్బా రేకు కత్తిరించి తానే చేసినవి. ట్యాంకు పట్టాలకు సైకిలు చెయిన్లు తొడిగాడు, వేలితో నెడితే అవి ఒకదాని వెంట ఒకటి పాకుతూ తిరుగుతాయి. పై వరసల్లో విమానాలు, ప్లాస్టిక్‌వి. తాను కారు నడిపిన దొర ఒకాయన ఇంగ్లండు నుంచి ఏటా క్రిస్మసుకు ఒక పెట్టె పంపుతాడట. విప్పని పెట్టె ఒకటి తెరిచి చూపించాడు. కొమ్మకు కాయలు అంటుకున్నట్టు పుల్లలకు చిన్న చిన్న ముక్కలు. రెక్క, చక్రం, మరఫిరంగి, పైలట్ తలకాయ, అన్నీ పోతపోసి సిద్ధంగా ఉన్నాయి. తుంచి అంటించడమే. జిగురు కూడా వాళ్ళే పంపుతారు. నేను ఒక చక్రం గుండ్రంగా రావడానికి నాలుగు చెక్కలు పారేస్తాను. ఇంగ్లండులో నన్ను తల్చుకునే దొర ఎవడూ లేడు.

ఖాదరు ఆ అద్దానికి మొహం ఆనించి నిలబడ్డాడు. వాడి ఊపిరికి అద్దం మీద ఆవిరి పట్టింది.

"మీది చూపీండప్పా" అన్నాడు మునెప్ప.

పెట్టె తెరిచాను. డకోటా ఎడమ రెక్క మొదలు దగ్గర విరిగి, దూదిలో విడిగా పడి ఉంది. మునెప్ప వంగి చూసి, "యుద్ధానికి పోయొచ్చినట్ల ఉండాదే" అన్నాడు.

ఖాదరు నవ్వాడు. పెద్ద నవ్వు కాదు, అయినా నవ్వాడు. ఆ ప్రయాణంలో నాకు తగిలిన మొదటి దెబ్బ అది. రెక్క విరగడం రెండోది.

పట్టుదలగా బీరువాలో తప్పులు వెతకడానికి కూర్చున్నాను. కొలతల్లో ఏమీ దొరకలేదు. చివరికి ఒకటి దొరికింది. రంగు ముద్దలు ముద్దలుగా ఉంది, అంచులు కారి ఉన్నాయి. పని బాగుంది గాని రంగు పాడు చేసిందండీ అన్నాను, ఎంతో బాధపడుతున్నట్టు. మునెప్ప కోపగించుకోలేదు. నిజమే, రంగు తన చేతికి రాదని ఒప్పుకుని, ఖాదరు వైపు తిరిగి హిందూస్తానీలో ఏదో అడిగాడు. మిలిటరీలో నేర్చుకున్న భాష అది. ఖాదరుకు ఇంటి భాష. నాకు రాదు. ఖాదరు అప్పుడే చొక్కా చేతులు పైకి మడుస్తున్నాడు. నా నోటితో నేనే వాణ్ణి ఆ బల్ల దగ్గరికి పంపానని తెలిసింది.

కంబళి కింద

ఆ రోజు సంగటి తిన్నాను. రాగిపిండితో కట్టిన ముద్ద, తాటికాయంత. పక్కన పితికిపప్పు, అంటే అనపగింజలు నానబెట్టి పొట్టు పితికేసి చేసిన పులుసు. దాని వాసనకే ఆకలి పుడుతుంది. నేను ముద్దను అన్నంలా నమలబోయాను. అది పళ్ళకు అంటుకుని దవడ కదలనివ్వలేదు. మునెప్ప భార్య గౌరమ్మ గడప అవతల నుంచి చూస్తూ, "నమలకూడదప్పా, మింగల్ల" అంది. ఖాదరు అప్పటికే రెండో ముద్ద మింగుతున్నాడు.

మర్నాటికి నాకు జలుబు, ఒళ్ళంతా జ్వరం. నల్ల కంబళి ఒకటి నా మీద పడేసి, గౌరమ్మ మిరియాల కషాయం ఇచ్చింది. ఆ కంబళి ముళ్ళలా గుచ్చుకుంటుంది, కాని లోపల పొయ్యి పక్కన ఉన్నంత వెచ్చన. దాని కింద ఒక రోజంతా పడుకుని గోడ అవతలి మాటలు విన్నాను. అర్థమయ్యేవి కావు. మునెప్ప ఏదో అంటాడు, ఖాదరు ఏదో అంటాడు, ఇద్దరూ నవ్వుతారు. కత్తెర రేకును కోస్తున్న చప్పుడు, డబ్బాలో బ్రష్షు తిరుగుతున్న చప్పుడు. ఆ రెండో చప్పుడు నాకు బాగా తెలుసు. ఇన్నేళ్ళుగా మా అరుగు మీద విన్నదే. అది వేరేవాళ్ళ ఇంట్లో, గోడ అవతల నుంచి వినబడుతుంటే, సొంత గొంతు ఇంకొకడి నోట్లోంచి వచ్చినట్టుంది.

సాయంత్రానికి ఇద్దరూ డకోటాను తెచ్చి నా పక్కన పెట్టారు. రెక్క అతికి ఉంది. మునెప్ప రేకుతో కొత్త రెక్క చేసి బిగించాడు, ఖాదరు రంగు వేశాడు. ఎక్కడ చెక్క అయిపోయి రేకు మొదలయిందో పట్టుకోలేకపోయాను. "నువ్వు లేచేసరికి చూపించాలని" అన్నాడు ఖాదరు, చిన్నపిల్లాడిలా.

దాన్ని నేల మీద పెట్టాను. రేకు బరువుకు విమానం మెల్లగా ఎడమవైపుకు ఒరిగి, రెక్క కొన నేలకు ఆనుకుంది. అప్పుడు నాకు కలిగిన సంతోషం జ్వరాన్ని సగం తగ్గించింది. బాగుంది, కాస్త ఒరిగింది అంతే అన్నాను. మునెప్ప మొహం చిన్నబోయింది. ఖాదరు నా మొహంలోకే చూశాడు.

కొండ మెట్లు

జ్వరం తగ్గాక ఖాదరును ఊరి కొండ చూద్దామని తీసుకెళ్ళాను. పైన శివాలయం ఉంది. మేము సగం మెట్ల దాకా ఎక్కి కూర్చున్నాం. కింద పెంకుటిళ్ళు, చెరువులు, దూరంగా మైసూరు రాష్ట్రం వైపు మంచు. చెమట పట్టకుండా కొండెక్కడం నాకు అదే మొదటిసారి.

గణతంత్ర దినానికి మునెప్ప తన ట్యాంకులన్నీ హోసూరు బడిలో పెట్టి పిల్లలకు చూపిస్తానని మాటిచ్చాడట. అన్నిటికీ రంగు గీకి మళ్ళీ వెయ్యాలి, ఆ రోజు దాకా ఉండిపోతాను, నువ్వు కూడా సెలవు పొడిగించు అన్నాడు ఖాదరు.

"నాకోసం వచ్చావా, ఆయన కోసం వచ్చావా?" అన్నాను.

వాడు అర్థం కానట్టు చూశాడు. తర్వాత అర్థమయింది. "సూర్యం, నువ్వు చెక్కినవాటికి ఇన్నేళ్ళు రంగు వేశాను. ఒక్కసారైనా ఇది వెయ్యి, అది వద్దు అన్నానా? ఆయన ట్యాంకులకు నాలుగు రోజులు వేస్తే నీకేం తక్కువయింది?"

రేకుడబ్బాలకు రంగులేసుకో, నేను మాత్రం రేపు కృష్ణగిరి పోయి కోట చూసి, అటునుంచి అటే రైలెక్కుతానన్నాను. వాడు లేచి దుమ్ము దులుపుకుని నాకంటే ముందు దిగిపోయాడు.

ఆగిపోయిన బస్సు

మర్నాడు పొద్దున బస్సెక్కితే, ముందు సీట్లో గౌరమ్మ కూర్చుని ఉంది. ఒళ్ళో అనపకాయల గంప. కృష్ణగిరిలో చెల్లెలి ఇంటికి పోతున్నానంది. విమానం పెట్టె ఈసారి నా ఒళ్ళోనే ఉంది. కండక్టరు ఏమీ అనలేదు. నా మొహం చూసి అని ఉండడు.

సూళగిరి దాటకముందే బస్సు ముందు భాగం నుంచి ఆవిరి లేచి ఆగిపోయింది. డ్రైవరు డబ్బా పట్టుకుని నీళ్ళకు పోయాడు. జనమంతా దిగి చింతచెట్ల కింద కూర్చున్నారు. మాఘమాసం కూడా రాకముందే అంత పొడి నేలను నేను చూడలేదు. మావైపు ఆ రోజుల్లో ఏ గట్టు తవ్వినా తడి తగులుతుంది. గౌరమ్మ కొంగున కట్టుకొచ్చిన బొరుగులు నాకూ ఇన్ని పెట్టింది. మనం మరమరాలంటామే, అవే. వాళ్ళు వాటిలో పచ్చిమిర్చి, ఉల్లిపాయ, వేయించిన శనగపప్పు కలుపుతారు.

కాసేపయ్యాక తనే అడిగింది. "మీవాణ్ణి విడిచిపెట్టి పోతాండారా?"

ఆఫీసు పని ఉందన్నాను.

ఆమె నమ్మలేదు. బొరుగుల్లోంచి ఉల్లిపాయ ముక్కలు ఏరుకుంటూ, ఎవరితోనో చెబుతున్నట్టు చెప్పింది. పెళ్ళయిన కొత్తలో మునెప్ప మిలిటరీలో ఉన్నాడు. ఆయన వస్తే చాలని ఆమె కొండ మీది దేవుడికి మొక్కింది. వచ్చాడు. వచ్చినవాడు ఆ బల్ల దగ్గర కూర్చున్నాడు. పిల్లలు లేరు. షాపు మూస్తే బల్ల, అన్నం తింటే బల్ల. పక్కింటివాళ్ళు మొగుడు చిన్నపిల్లాడయ్యాడని నవ్వితే ఊరుకుంది. ఆయనకు మాట్లాడే మనిషి లేక అట్లా ఉన్నాడని తనకు తాను చెప్పుకుంది.

"ఇప్పుడు మీవాడు వచ్చినాడు. మా ఆయప్ప పొద్దున్నుంచి సాయంత్రం దాకా మాట్లాడతానే ఉండాడు. అంటే మాటలు ఉండాయి లోపల. నాకే లేవు." అని కొంగు దులుపుకుంది. "నాకు కుళ్ళుగా ఉండాదప్పా. ట్యాంకులంటే ఇన్నాళ్ళూ కుళ్ళు. ఇప్పుడు మీవాడంటే. మీ మొగం చూస్తే మీకూ అదే అనిపిస్తాంది."

నాకు పదిమందిలో బట్టలు విప్పినట్టయింది. కాదని చెప్పాలని నోరు తెరిచాను. ఆమె మొహంలో వెక్కిరింత లేదు. నాలుగు రోజులుగా నా పక్కనే, గడప అవతల, అదే జబ్బుతో ఒక మనిషి తిరుగుతోందని నాకు తెలియలేదు. అవునమ్మా అన్నాను. అన్నాక మెడ మీది బరువు కాస్త జరిగినట్టనిపించింది.

డ్రైవరు నీళ్ళు పోసినా బస్సు కదలలేదు. హోసూరు వైపు పోయే లారీ ఒకటి వస్తే ఆమె చెయ్యెత్తి ఆపింది. చెల్లెలికి కాయలు ఇంకోరోజు ఇస్తానంది. నావైపు తిరిగి రమ్మనలేదు, వద్దనలేదు. నేను పెట్టె పట్టుకుని లేచాను. అలా కృష్ణగిరి కోట నేను ఇప్పటికీ ఎక్కలేదు.

సంగటి దగ్గర

మమ్మల్ని ఇద్దరినీ కలిసి చూసి మునెప్ప ఆశ్చర్యపోయాడు. ఖాదరు ఆశ్చర్యపోలేదు, నా చేతిలోంచి పెట్టె అందుకుని లోపల పెట్టాడు. మధ్యాహ్నం మేము ముగ్గురం కూర్చుంటే గౌరమ్మ ముద్దలు వడ్డించింది. వడ్డించి, ఎప్పట్లా గడప అవతలికి పోలేదు. అక్కడే నిలబడి, పులుసు గరిటె చేతిలో పట్టుకునే మొగుడితో చెప్పింది.

"ఈయప్పకు మీ ఇద్దర్నీ చూస్తే కుళ్ళు. నాకూ అంతే. చెప్పకుండా ఉంటే బాగుండదని చెప్తా ఉండాను."

నేను కంచంలోకి తలవంచాను. సంగటిని మింగడం ఎలాగో ఆ క్షణంలో బాగా వచ్చింది. ఖాదరు ఎంతో నెమ్మదిగా, "నాకు తెలుసమ్మా. బెజవాడలో బయల్దేరినప్పట్నుంచే తెలుసు" అన్నాడు. వాడి గొంతులో కోపం లేదు. అది ఇంకా కష్టమయింది.

మునెప్ప చేతిలో ముద్ద కంచంలో పెట్టేసి భార్యను, నీకు ఏమి కావల్ల అని అడిగాడు. ఏమీ వద్దంది. "మీరు కూచున్నప్పుడు నన్ను కూడా కూచోమని చెప్పు. అంతే."

మర్నాటినుంచి ఆమె తన అనపకాయల గంపతో ఆ గదిలోనే కూర్చుంది. మునెప్ప ఈజిప్టు ఇసుక గురించి ఆమెకు చెప్పడం మొదలుపెట్టాడు. అంత ఇసుక ఉంటే వాళ్ళు ఏమి తింటారని ఆమె అడిగింది. ఆ ప్రశ్న ఆయనకు ఎవరూ వేసినట్టు లేదు. పొద్దుగూకేదాకా జవాబు చెప్పాడు.

నేను పాల చెక్క ముక్క అడిగి తీసుకున్నాను. మైసూరు వైపు లక్కబొమ్మలు చేసే చెక్క అది, పొణికి కంటే తెల్లన, కాస్త గట్టిది. రేకు రెక్క విప్పేసి, ఆ చెక్కతో కొత్త రెక్క చెక్కాను. మునెప్ప పని మానేసి వచ్చి, నా కత్తి ఎట్లా తిరుగుతుందో వంగి చూశాడు. చెక్క తన మాట వినదని, ఎన్నోసార్లు ప్రయత్నించి పారేశానని చెప్పాడు. నాకు ఎంత సంతోషమయిందో రాయడానికి సిగ్గుగా ఉంది. కాని తలెత్తి చూస్తే ఖాదరు నావైపు చూడడం లేదు. నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని, ఒక రేకు ట్యాంకు మీద సన్నటి అంకెలు రాస్తున్నాడు. మా ఇంట్లో నా విమానాల మీద రాసేటప్పుడు ఎలా పెట్టుకుంటాడో అలాగే. విప్పిన రేకు రెక్కను మునెప్ప ఆ సాయంత్రమే కత్తిరించి బీరువాలోని ఒక రేకు లారీకి మడ్‌గార్డు చేసేశాడు.

నా సెలవు అయిపోయింది. ఖాదరు ఉండిపోయాడు. నేను వద్దనలేదు. బస్సెక్కేటప్పుడు గౌరమ్మ నాకు పితికిన పప్పు ఒక మూట కట్టి ఇచ్చి, మా ఆవిడకు ఎలా చెయ్యాలో చెప్పింది. మునెప్ప దారి పొడుగునా తినమని చిక్కీలు కొనిచ్చాడు. అంత మంచి మనిషిని ఇష్టపడకుండా ఉండడానికి నేను చాలా కష్టపడవలసి వచ్చింది.

మళ్ళీ మా అరుగు

ఇంటికి వచ్చాక రోజూ సాయంత్రం అరుగు మీద ఒక్కణ్ణే కూర్చున్నాను. డకోటా కొత్త రెక్కకు రంగు నేనే వేద్దామని చూశాను. చక్రం కోడిగుడ్డులా వచ్చింది. గీకేశాను. మళ్ళీ వేస్తే ఈసారి కాషాయం తెలుపులోకి కారింది. మళ్ళీ గీకేశాను.

ఫిబ్రవరిలో ఒక సాయంత్రం ఖాదరు సంచీ భుజాన వేసుకుని, తన ఇంటికి కూడా పోకుండా తిన్నగా మా అరుగెక్కాడు. కాస్త ఒళ్ళు వచ్చింది. 'ఈడ, ఆడ' పూర్తిగా పట్టేసింది. బడిలో పిల్లలు వరసకట్టి ట్యాంకులు చూశారట, గౌరమ్మే బీరువా పక్కన నిలబడి ఏది ఏమిటో చెప్పిందట. చెబుతూనే డకోటాను అందుకుని, గీకేసిన రెక్కను వేలితో తడిమి, బ్రష్షు తీశాడు. "ప్లాస్టిక్ అయితే చెక్కలా రంగు పీల్చదురా. పైపైన కూర్చుంటుంది" అన్నాడు. ఆ ఒక్క మాటకు నాకు కడుపు నిండింది.

వాడు మొదటి వలయం ఒక్క ఊపులో గుండ్రంగా తిప్పేదాకా ఆగి అడిగాను, మళ్ళీ వెళ్తావా అని.

"వచ్చే చలికాలం వస్తానని చెప్పాను" అన్నాడు. అబద్ధం చెప్పి ఉంటే ఆ రోజుకు బాగుండేది. వాడు చెప్పడు.

నేను కత్తి తీసి నూరడం మొదలుపెట్టాను. "అయితే నాకూ ఒక టికెట్ తియ్యి."

వాడు బ్రష్షు ఎత్తి నావైపు చూశాడు. "కుళ్ళు తగ్గిందా?"

"తగ్గలేదు," అన్నాను. "తగ్గితే ఇంట్లోనే ఉండేవాణ్ణి కదా."